బరువులెత్తని బక్కమనిషి... 79 వేల కిలోమీటర్లు!

ఏలూరు కానివ్వండి, తాడేపల్లిగూడెం కానివ్వండి, కైకలూరు కానివ్వండి... మీ ఊళ్లో గాంధీ బొమ్మ ఉండే ఉంటుంది. రోజూ దాని పక్కనుంచే బండి మీద వెళ్తుంటారు. ఈసారి ఒక్క నిమిషం ఆగి చూడండి. మిగతా నాయకుల విగ్రహాలు నిలబడో, చెయ్యెత్తో ఉంటాయి. గాంధీ బొమ్మ మాత్రం చాలాచోట్ల నడుస్తుంటుంది. ఒక కాలు ముందుకు, చేతిలో కర్ర, నడుం దగ్గర వేలాడే గడియారం.

అలా చెక్కడానికి కారణం ఉంది. 1913 నుంచి 1948 వరకు తన ఉద్యమ యాత్రల్లో గాంధీజీ నడిచిన దూరం సుమారు 79 వేల కిలోమీటర్లని అంచనా. భూమిని దాదాపు రెండుసార్లు చుట్టి వచ్చినంత! సగటు వేసుకుంటే రోజుకు ఆరు కిలోమీటర్ల పైచిలుకు. ఏమంత పెద్ద లెక్కలా లేదు కదూ? నిజమే. రోజుకు ఆరు కిలోమీటర్లు మీరూ నడవగలరు. 35 ఏళ్లపాటు వదలకుండా నడవడమే కష్టం.

ఆయన వ్యాయామశాలకు వెళ్లలేదు. డంబెల్ పట్టలేదు. పైగా పుట్టుకతో దృఢకాయుడేం కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆయన ఆరోగ్య పత్రాలను సేకరించి 2019లో ఒక సంకలనంగా తెచ్చింది. దాని ప్రకారం ఆయన ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 46.7 కిలోలు. ఎత్తుకు తగ్గ బరువు సూచీ 17.1. ఇవాళ ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఇంకాస్త బరువు పెరగాలి అనే చెబుతారు. కాబట్టి ఆయన బరువును మనం ఆదర్శంగా తీసుకోనక్కర్లేదు. అంత తేలిక శరీరం, అన్ని జబ్బులు పడి లేచి, డెబ్బై ఏడేళ్ల వయసులో ఊరూరా ఎలా నడిచిందన్నదే మనకు కావాల్సిన సంగతి.

ఆటలంటే తప్పించుకున్న కుర్రాడు

మోహన్‌దాస్ 1869 అక్టోబరు 2న పోరుబందరులో పుట్టారు. రాజ్‌కోట్ హైస్కూల్లో చదివేటప్పుడు దొరాబ్జీ ఎదుల్జీ గిమీ అనే పార్శీ హెడ్మాస్టరు పెద్ద తరగతుల పిల్లలకు కసరత్తు, క్రికెట్ తప్పనిసరి చేశారు. ఈ కుర్రాడికి రెండూ గిట్టేవి కావు. ఒకటి సిగ్గు. రెండోది, బడి వదలగానే ఇంటికెళ్లి జబ్బుతో ఉన్న తండ్రికి సేవ చేయాలన్న తాపత్రయం. ఒక శనివారం సాయంత్రం నాలుగింటికి కసరత్తు. చేతికి గడియారం లేదు, ఆకాశం నిండా మబ్బులు. పొద్దు తెలియక ఆయన వెళ్లేసరికి అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. నిజం చెప్పినా హెడ్మాస్టరు నమ్మలేదు. అణానో రెండణాలో జుర్మానా వేశారు. అబద్ధాలకోరు అనిపించుకున్నందుకు ఆ పిల్లవాడు వెక్కివెక్కి ఏడ్చాడు.

అయితే ఆ వయసులోనే ఆరుబయట చాలాదూరం నడిస్తే మంచిదని పుస్తకాల్లో చదివాడు. అది నచ్చింది. నడక మొదలుపెట్టాడు. చదువుకీ కసరత్తుకీ సంబంధం లేదనుకోవడం తన పొరపాటేనని ఆయనే పెద్దయ్యాక ఆత్మకథలో రాసుకున్నారు. ఆటల పీరియడ్ ఎగ్గొట్టే పిల్లలు మీ ఇంట్లో ఉంటే తిట్టకండి. వాళ్లకు నచ్చే కదలిక ఏదో కనుక్కోండి. సైకిలో, ఈతో, నాట్యమో.

బలం కోసం అడ్డదారులూ ప్రయత్నించారు. మాంసం తింటే ఇంగ్లిషువాళ్లలా బలిష్ఠులమవుతామని ఒక స్నేహితుడు చెబితే నమ్మి, ఏటి ఒడ్డున చాటుగా తిన్నారు. ఏడాదిపాటు అప్పుడప్పుడూ సాగింది ఆ వ్యవహారం. తల్లిదండ్రులకు అబద్ధం చెప్పాల్సి వస్తోందని మానేశారు. ఒక్క పదార్థం తింటే కండలు వస్తాయనే ఆశ ఈనాటిది కాదన్నమాట! డబ్బాల్లో వచ్చే ప్రొటీన్ పొడి కొనిపెట్టమని మీ అబ్బాయి పేచీ పెడుతుంటే ఈ కథ చెప్పి చూడండి.

1888లో బారిస్టరు చదువుకు లండన్ వెళ్లారు. డబ్బు ఆదా చేయడానికి, అరగంట నడకలో పని జరిగే చోట గది చూసుకున్నారు. బండి ఖర్చు మిగిలింది, రోజుకు ఎనిమిది నుంచి పది మైళ్ల నడక కలిసొచ్చింది. ఆ చలి దేశంలో మూడేళ్లూ పెద్దగా జబ్బు పడకుండా ఉండటానికి ఈ అలవాటే కారణమని ఆయన నమ్మకం. ఇక్కడొకటి గమనించండి. ఆయన వ్యాయామం కోసం విడిగా సమయం కేటాయించలేదు. వెళ్లాల్సిన చోటికే నడిచి వెళ్లారు. మనకు తీరిక లేదన్న సాకు చాలావరకు ఇక్కడే పోతుంది.

నడక ఒక్కటే కాదు... కావడీ, తిరగలీ

గాంధీజీ అంటే నడక అని మాత్రమే అనుకుంటాం. అది సగమే. మిగతా సగం దక్షిణాఫ్రికాలో ఉంది.

1899లో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు దాదాపు 1100 మంది భారతీయులతో ఆయన అంబులెన్సు దళం కట్టారు. గాయపడిన సైనికులను స్ట్రెచర్ల మీద మోసుకుంటూ రోజుకు 20 నుంచి 25 మైళ్లు నడిచిన రోజులున్నాయి. బరువులెత్తలేదని శీర్షికలో అన్నాం కదా... మనుషుల్ని మోశారు మరి!

జొహానెస్‌బర్గ్‌లో ఉండగా ఏడు పౌన్లు పెట్టి ఒక ఇనుప తిరగలి కొన్నారు. బజారు పిండి మానేసి గోధుమలు ఇంట్లోనే విసురుకోవడానికి. ఆ చక్రం ఒక్కరు తిప్పడానికి బరువు, ఇద్దరికైతే తేలిక. స్నేహితుడు పోలక్, గాంధీ, పిల్లలు కలిసి తిప్పేవారు. కస్తూర్బా కూడా అప్పుడప్పుడూ చెయ్యి వేసేవారు. రోజూ రొట్టెకు పిండి, ఒంటికి పని. లూయీ కూనే ప్రకృతి చికిత్స పుస్తకం ఆయన చేతికి వచ్చింది కూడా దక్షిణాఫ్రికాలో ఉన్న ఆ కాలంలోనే. ఆ పుస్తకం 1894లోనే తెలుగులోకి వచ్చిందన్నది మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం.

1910లో టాల్‌స్టాయ్ ఫామ్ మొదలైంది. 1100 ఎకరాల తోట, జొహానెస్‌బర్గ్‌కు 21 మైళ్ల దూరం. పనివాళ్లు లేరు. వంట, పాకీ పని, తోట పని అన్నీ అక్కడున్నవాళ్లే చేసుకోవాలి. నీళ్ల ఊట ఇళ్లకు దాదాపు 500 గజాల దూరంలో ఉండేది. కావళ్లతో మోసుకొచ్చేవారు. సొంత పని మీద పట్నం వెళ్లాలంటే రైలెక్కకూడదు, నడిచే వెళ్లాలని నియమం. తెల్లవారుజామున రెండింటికి బయల్దేరేవారు. మామూలుగా ఆరేడు గంటలు పట్టేది. ఒకరైతే 4 గంటల 18 నిమిషాల్లో చేరారట! మధ్యాహ్నం పని చూసుకుని అదే రోజు తిరుగు ప్రయాణం. అంటే 42 మైళ్లు.

కావడి అన్న మాట వినగానే మీకు మీ తాతగారి ఊరు గుర్తొచ్చి ఉంటుంది. కొల్లేటి లంకల్లో తాటి దోనె మీద నిలబడి గెడ వేసిన మనిషికి భుజాల వ్యాయామం వేరే ఎవరు నేర్పారు? ఏలూరు కాలువ నుంచి బిందె చంకనెత్తుకుని గట్టెక్కిన అమ్మమ్మకు నడుం, తొడలు ఎంత గట్టిగా ఉండేవో ఆలోచించండి. రోలు, రోకలి, తిరగలి, చేద బావి... ఇవన్నీ బరువు పనులే. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలెత్తే హమాలీలకు ఇప్పటికీ ఆ పని తప్పలేదు. మన మధ్యతరగతి ఇళ్లలో మాత్రం మిక్సీ, మోటారు, మోటారు సైకిలు వచ్చాక తప్పిపోయింది. రావడం మంచిదే. అమ్మమ్మలు పడ్డ కష్టం మళ్లీ ఎవరూ పడాలని కోరుకోవడం లేదు. ఆ రోజుల్లో ఆడవాళ్లకు ఆ చాకిరీ వ్యాయామంగా కాదు, నిత్యం తప్పని బరువుగానే ఉండేది. అయితే ఆ పనుల్లో కండరాలకు దొరికిన కదలిక పోయినచోట మనం ఇంకేమీ పెట్టుకోలేదు. చేపల చెరువు గట్టు మీదకు కూడా బండి మీదే వెళ్తున్నాం. చిక్కంతా అక్కడే.

మొండితనం ప్రాణం మీదకు తెచ్చింది

నడిచేవాళ్లకు జబ్బులు రావని అనుకుంటే గాంధీజీ జీవితం ఒప్పుకోదు. 1918లో ఖేడా జిల్లాలో ఊరూరా తిరుగుతూ, బండి దొరక్క రోజుకు 20 మైళ్లు నడిచారు. నడక బ్రహ్మాండం. తిండి మాత్రం వేరుసెనగ ముద్ద, నిమ్మకాయలు! ఒంటికి సరిపోలేదు. ఒక పండగనాడు భార్య చేసిన తీపి గోధుమ జావ కాస్త ఎక్కువ తినేసరికి జిగట విరేచనాలు పట్టుకున్నాయి. మందులు వద్దన్నారు. చావు అంచుదాకా వెళ్లారు. పాలు తాగితే కోలుకుంటారని డాక్టర్లు చెబితే పాలు ముట్టనని వ్రతం పట్టాను అన్నారు. వ్రతం ఆవు, గేదె పాల గురించే కదా, మేకపాలు తాగొచ్చుగా అని దారి చూపింది కస్తూర్బా. అలా బతికి బట్టకట్టారు. వ్రతం స్ఫూర్తిని తప్పానన్న బాధ ఆయనకు చివరిదాకా పోలేదు గానీ, మేకపాలు మాత్రం ఆయనతోనే ఉండిపోయాయి.

ఇక్కడ ఆయన్ని వెనకేసుకు రావాల్సిన పనిలేదు. విరేచనాలు ఆగకపోతే, జ్వరం తగ్గకపోతే నిష్ఠ కాదు, వైద్యం కావాలి. ఆయనే 1924 జనవరిలో పుణే ససూన్ ఆసుపత్రిలో అపెండిసైటిస్‌కు ఆపరేషన్ చేయించుకున్నారు. మధ్యలో కరెంటు పోతే లాంతరు వెలుగులో ముగించారు.

ఈ రెంటి నడుమే ఆయన మన ఏలూరు వచ్చారు. 1921 ఏప్రిల్ మొదట్లో, బెజవాడ కాంగ్రెస్ సమావేశాలు ముగిశాక వచ్చి ఇక్కడ జాతీయ విద్యాలయాన్ని ప్రారంభించారు. ఆ రోజు ఏలూరు జనం చూసిన గాంధీ మన సెంటర్లో బొమ్మలా ఉండరు. కొల్లాయి కట్టింది ఆ ఏడు సెప్టెంబరులో, మదురైలో. ఏలూరు వచ్చేనాటికి పూర్తిగా దుస్తులు వేసుకున్న మనిషే. వయసు 51. మూడేళ్ల కిందటే మంచం పట్టిన మనిషని తెలియకపోతే ఎవరూ పోల్చుకోలేరేమో.

1927 మార్చిలో మళ్లీ కూలబడ్డారు. ఈసారి రక్తపోటు. నంది కొండల మీద, తర్వాత బెంగళూరులో నెలల తరబడి విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, 1929 ఏప్రిల్, మే నెలల్లో, మన ఎండలు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా, ఖద్దరు నిధి కోసం ఆంధ్ర జిల్లాలన్నీ తిరిగారు.

ఆ రక్తపోటు ఆయన్ని వదల్లేదు. 1937 అక్టోబరు 26న 194/130. 1940 ఫిబ్రవరి 19న 220/110. ఇవాళ ఆ అంకెలు చూస్తే డాక్టరు మిమ్మల్ని ఇంటికి పంపరు. సన్నటి మనిషి, ఉప్పు తగ్గించి తినే మనిషి, మైళ్లకు మైళ్లు నడిచే మనిషి. అయినా వచ్చింది. అప్పట్లో ఇప్పుడున్నంత మంచి మందులు లేవు. మీకున్నాయి. నడుస్తున్నానుగా అని బీపీ బిళ్ల మానేసేవాళ్లు మన చుట్టాల్లో ఇంటికొకరుంటారు. వాళ్లకు ఈ రెండు అంకెలు చదివి వినిపించండి.

అరవై ఏళ్లకు దండి

1930 మార్చి 12. సబర్మతి నుంచి 78 మంది సహచరులతో బయల్దేరి 24 రోజుల్లో సుమారు 385 కిలోమీటర్లు నడిచి ఏప్రిల్ 5న దండి చేరారు. అప్పుడాయనకు అరవై నిండాయి. అలసిపోతే ఎక్కడానికి గుర్రాన్ని వెంట ఉంచారు. ఎక్కలేదు. కాళ్లు బొబ్బలెక్కి, జ్వరం వచ్చి బండెక్కింది కుర్రాళ్లే.

ఆ నడక తీరు చూడండి. రోజుకు 20 కిలోమీటర్ల లోపే. పొద్దున చల్లగా ఉండగా సగం, సాయంత్రం సగం. సోమవారం సెలవు. ఒక్కసారిగా ఎగబడి పోవడం లేదు. కొత్త సంవత్సరం రోజున పది కిలోమీటర్లు నడిచి, మర్నాడు మోకాలు పట్టుకుని కూర్చునేవాళ్లు నేర్చుకోవాల్సింది ఈ పంపకమే.

కోడి రామమూర్తి నాయుడు ఏనుగును రొమ్ము మీద ఎక్కించుకుని దేశాన్ని ఆశ్చర్యపరిచిన రోజులు కూడా గాంధీ కాలంలోనివే. అలాంటి బలం కొందరికే. మనలాంటివాళ్లకు కావాల్సింది డెబ్బై ఏళ్లప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కుర్చీలోంచి లేవడం, స్నానాల గదిలో జారిపడకుండా ఉండటం, తీర్థానికి వెళ్తే మెట్లెక్కగలగడం.

దానికి నడక ఒక్కటే చాలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పని. 65 దాటితే వారానికి మూడు రోజులు ఒళ్లు తూలకుండా నిలదొక్కుకునే సాధన. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే ఓ మోస్తరు శ్రమకు గుర్తు.

కండరాలకు జిమ్ములో ఇనుమే అక్కర్లేదు, మీ ఒళ్లే మీకు బరువు. కిటికీ ఊచ పట్టుకుని సగం దాకా బస్కీలు తీయండి. గోడకు రెండు చేతులూ ఆనించి ముందుకు వంగి వెనక్కి రండి. నేల మీద దండీలు తీయలేనివాళ్లకు ఇదే దండీ. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. మొదటిరోజు నాలుగుసార్లే వస్తే నాలుగే. కూరల సంచి రెండు చేతులకూ పంచి మోసుకురండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బస్కీల జోలికి పోకుండా, కుర్చీలో కూర్చుని ఒక్కో కాలూ తిన్నగా చాపి కాసేపు అలా పట్టి ఉంచినా తొడ కండరం గట్టిపడుతుంది. షుగరున్నవాళ్లు భోజనమయ్యాక పది, పదిహేను నిమిషాలు నడిస్తే తిన్న తర్వాత పెరిగే చక్కెర అంతగా ఎగబాకదు. నడకలో ఛాతీ బిగుసుకున్నా, ఎడమ చెయ్యి లాగినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి డాక్టర్ని చూడాలి.

నడవడానికి చోటు లేదంటారా? ఏలూరులో కాలువ గట్లున్నాయి. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. అంత చదునైన, పొడుగాటి నేల ఏ నగరంలోవాళ్లకు దొరుకుతుంది? కొల్లేటి ఊళ్లలో చెరువు గట్లున్నాయి, కాకపోతే వర్షాకాలంలో బంకమట్టి జారుతుంది, జాగ్రత్త.

ఒంటి వెదురు మీద

జారడం అంటే నవఖాలీ చెప్పాలి. 1947 జనవరి. మతకలహాలతో కాలిపోయిన తూర్పు బెంగాల్ పల్లెల్లో గాంధీజీ ఊరూరా నడిచారు. వయసు 77. మార్చి మొదటికల్లా 47 గ్రామాలు, 116 మైళ్లు. అదీ చెప్పుల్లేకుండా. ఆ నేల మన కొల్లేరులాంటిదే. ఎటు చూసినా కాలువలు, మడుగులు, బురద. కాలువ దాటాలంటే ఒకటి రెండు వెదుళ్లు పరిచిన వంతెన, పట్టుకోవడానికి మరో వెదురు. మన వైపు బోదెల మీద తాటి దూలం వేసేవారే, దానికంటే సన్నం. జారితే బురదలోకే. ఆయన యాత్రకు ముందే ఆ వెదుళ్ల మీద నడవడం సాధన చేశారు. తొలిరోజుల్లో తూలారు. పట్టు దొరికాక ఒక్కరే దాటారు. 65 దాటినవాళ్లు నిలదొక్కుకునే సాధన చేయాలని ఇవాళ డాక్టర్లు చెప్పేది ఇలాంటిదే. మీరు వెదురు ఎక్కనక్కర్లేదు. వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడితే చాలు, తర్వాత రెండో కాలు. ఇంకోమాట, ఆయన ఉత్త కాళ్లతో నడిచింది ప్రాయశ్చిత్తంగా. పాదాలు పగిలి నెత్తురు కారింది కూడా. షుగరున్నవాళ్లు మాత్రం ఎప్పుడూ చెప్పులు విడవకూడదు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడితే మానదు.

1948 జనవరి నాటికి ఢిల్లీ బిర్లా భవన్‌లో ఉన్నారు. ఆ నెల 13న మొదలుపెట్టిన నిరాహార దీక్షను 18న విరమించారు. పన్నెండు రోజులకు, జనవరి 30 సాయంత్రం, వల్లభ్‌భాయ్ పటేల్‌తో మాటల్లో పడి ప్రార్థనకు ఆలస్యమైంది. ఆయనకు ఆలస్యమంటే గిట్టదు. మనూ, అభా భుజాల మీద చేతులు వేసి, దగ్గర దారిన, పచ్చిక మీదుగా గబగబా నడిచారు. 78 ఏళ్లు. ఆ దారిలో ఆయన అడుగులు పడ్డచోటల్లా ఇప్పుడు పాదాల ఆకారంలో రాళ్లు అమర్చి ఉంచారు.